డిస్‌ప్లేలో చివరి అంకెని ఎంతవరకు నమ్మాలి? ల్యాబ్ బ్యాలెన్స్‌ల గురించి పూర్తిగా



ఈ రోజు ఎపిసోడ్ ఒక టాబ్లెట్‌తో మొదలుపెడదాం. మీ ఇంట్లో అమ్మో, పిన్నో, అత్తమ్మో ఎవరో ఒకరు పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ టాబ్లెట్ వేసుకుంటూ ఉంటారు కదా. ఆ స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. 25 మైక్రోగ్రాములు, 50 మైక్రోగ్రాములు, 100 మైక్రోగ్రాములు అని ఉంటుంది. మిల్లీగ్రాములు కాదండి, మైక్రోగ్రాములు. గ్రాములో పది లక్షల వంతు ఒక మైక్రోగ్రాము. పంచదార డబ్బాలోంచి ఒక్క పలుకు తీసి వేలి మీద పెట్టుకోండి. ఆ ఒక్క పలుకు 25 మైక్రోగ్రాముల కంటే చాలా రెట్లు బరువుంటుంది.

మరి ప్రతి టాబ్లెట్‌లో అంత చిన్న మోతాదు సరిగ్గా ఉందని చెప్పేది ఎవరు? ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్. అక్కడ ఏం చేస్తారంటే, ముందు స్వచ్ఛత తెలిసిన మందు పొడిని కొంచెం తూస్తారు. దాన్ని స్టాండర్డ్ అంటారు. దాన్ని ద్రావణంలో కరిగించి, హెచ్‌పీఎల్‌సీ అనే మెషీన్‌లో పెట్టి, మన టాబ్లెట్ శాంపిల్‌తో పోల్చి చూస్తారు.

ఇక్కడ పాయింట్ గమనించండి. ఆ స్టాండర్డ్ 10 మిల్లీగ్రాములు అని బ్యాలెన్స్ చూపించింది, కానీ నిజంగా ఉన్నది 9.8 మాత్రమే అనుకుందాం. అప్పుడు టాబ్లెట్‌లో మందు ఉన్నదానికంటే 2 శాతం ఎక్కువ ఉన్నట్టు లెక్క వస్తుంది. అంటే మందు తక్కువైన బ్యాచ్ కూడా పాస్ అయిపోవచ్చు. తర్వాత వచ్చే మెషీన్ ఎంత ఖరీదైనదైనా ఈ తప్పుని పట్టుకోలేదు. ఎందుకంటే దానికి మనం ఇచ్చిన మొదటి అంకే తప్పు.

నేను బీటెక్ చదివి, కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి. అక్కడ ఒక మాట ఉంటుంది, ఇన్‌పుట్ చెత్తయితే అవుట్‌పుట్ కూడా చెత్తే అని. ల్యాబ్‌లో ఆ ఇన్‌పుట్ పేరే తూకం. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో చేరే బీఫార్మసీ, ఎంఎస్సీ కెమిస్ట్రీ పిల్లలకి మొదట్లోనే చేతికొచ్చే పనుల్లో ఇదొకటి. అందుకే ఈ రోజు టాపిక్ బ్యాలెన్స్. ఎన్ని రకాలు, లోపల ఏం జరుగుతుంది, ఎలా వాడాలి, చివరి అంకెని ఎప్పుడు నమ్మాలి. ఒక్కొక్కటి చూద్దాం.

పోల్చడం వేరు, నొక్కుడు కొలవడం వేరు

మన ఊళ్ళో కిరాణా కొట్లో పాత తక్కెడ చూసే ఉంటారు. ఒక సిబ్బెలో రాయి, ఇంకో సిబ్బెలో సరుకు. ముల్లు మధ్యలోకి వచ్చిందంటే రెండూ సమానం. ఇది ద్రవ్యరాశిని, అంటే మాస్‌ని పోల్చడం. ఈ తక్కెడని చంద్రుడి మీదకి తీసుకెళ్ళినా ఒక కిలో పప్పు ఒక కిలో రాయికి సరిగ్గానే తూగుతుంది. గురుత్వాకర్షణ తగ్గితే రెండు వైపులా ఒకేలా తగ్గుతుంది కాబట్టి.

స్ప్రింగ్ కాటా అలా కాదు. కొక్కేనికి తగిలిస్తే స్ప్రింగ్ సాగుతుంది చూడండి, అది కొలిచేది భూమి లాగే బలాన్ని, అంటే వెయిట్‌ని. ఆ బలం అన్నిచోట్లా ఒకటి కాదు. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ దగ్గర సుమారు 9.78, ధ్రువాల దగ్గర సుమారు 9.83. అంటే దాదాపు అర శాతం తేడా.

ఇప్పుడు ఒక ప్రశ్న. ల్యాబ్‌లో ఉండే డిజిటల్ బ్యాలెన్స్ ఈ రెండిట్లో దేని చుట్టం? చాలామంది తక్కెడకి అనుకుంటారు. కాదు, అది స్ప్రింగ్ కాటా చుట్టమే. అది కొలిచేది బలాన్నే. ఆ బలాన్ని గ్రాముల్లోకి మార్చి చూపిస్తుంది, అంతే.

దీనివల్ల ఏమవుతుందో చిన్న లెక్క. గ్రౌండ్ ఫ్లోర్‌లో సరిగ్గా సెట్ చేసిన బ్యాలెన్స్‌ని 10 మీటర్లు పైకి, అంటే సుమారు మూడో అంతస్తుకి మార్చారు. 200 గ్రాముల రాయి పెడితే దాదాపు 0.6 మిల్లీగ్రాము తక్కువ చూపిస్తుంది. కూరగాయలకి ఇది లెక్కే కాదు. కానీ 0.1 మిల్లీగ్రాము వరకు చూపించే బ్యాలెన్స్‌లో చివరి అంకె 6 మెట్లు జరిగిపోయినట్టు. అందుకే బ్యాలెన్స్ చోటు మారిస్తే మళ్ళీ కాలిబ్రేట్ చేయాలి. పక్క రూమ్‌కి మార్చినా ఇదే రూల్. అక్కడ టెంపరేచర్, టేబుల్ వాలు కూడా వేరుగా ఉంటాయి కదా.

రకాలు: తక్కెడ నుంచి కరెంటు దాకా

మొదటిది, రెండు పళ్ళేల ఫిజికల్ బ్యాలెన్స్. ఇంటర్, డిగ్రీ ల్యాబ్‌లలో గాజు పెట్టెలో ఉండేది. మధ్యలో దండె, దాని కింద కత్తి అంచులాంటి మొన. ఆ మొన అగేట్ అనే గట్టి రాయితో చేస్తారు, త్వరగా అరగకుండా. తూకం రాళ్ళని చేత్తో ముట్టుకోకూడదు, పట్టకారుతో తీయాలి. దీంట్లో ఇబ్బంది ఏంటంటే, దండె రెండు చేతులూ ఒకే పొడవు ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా తూకం తప్పుతుంది. పైగా ఒక్క తూకానికి చాలా టైమ్ పడుతుంది.

రెండోది, ట్రిపుల్ బీమ్ బ్యాలెన్స్. మూడు కడ్డీల మీద జరిపే బరువులుంటాయి. ఒకటి వందల గ్రాములకి, ఒకటి పదులకి, ఒకటి ఒకట్లకి. సాధారణంగా 0.1 గ్రాము వరకు చదవొచ్చు. కరెంటు అక్కర్లేదు, ఎలా పనిచేస్తుందో కంటికి కనిపిస్తుంది. నేర్చుకోవడానికి చాలా మంచిది.

మూడోది, సింగిల్ పాన్ సబ్‌స్టిట్యూషన్ బ్యాలెన్స్. స్విట్జర్లాండ్‌లో ఎర్హార్డ్ మెట్లర్ 1945లో పెట్టిన కంపెనీ ఈ పద్ధతితోనే పేరు తెచ్చుకుంది. ఐడియా చాలా సింపుల్. దండెకి ఒక వైపు స్థిరమైన బరువు ఉంటుంది. రెండో వైపు పళ్ళెం, దాంతోపాటు లోపల చిన్న చిన్న రాళ్ళు వేలాడుతుంటాయి. మీరు పళ్ళెంలో వస్తువు పెట్టగానే, అంతే బరువున్న రాళ్ళని నాబ్ తిప్పి తీసేస్తారు. తీసేసిన రాళ్ళ బరువే వస్తువు బరువు. వస్తువూ రాళ్ళూ ఒకే వైపు ఉన్నాయి కాబట్టి, చేతుల పొడవు తేడా అనే గొడవే లేదు.

నాలుగోది, ఇప్పుడు అందరూ వాడే ఎలక్ట్రానిక్ బ్యాలెన్స్. దీంట్లో రెండు టెక్నాలజీలు. కూరగాయల కొట్లో, కిచెన్‌లో ఉండేది లోడ్ సెల్. ఒక లోహపు ముక్క మీద స్ట్రెయిన్ గేజ్ అనే సన్నటి వైరింగ్ అతికిస్తారు. బరువు పడితే లోహం కొంచెం వంగుతుంది, వైర్ సాగుతుంది, దాని నిరోధం మారుతుంది. ఆ మార్పుని కొలుస్తారు. చవక, మొండి, ఎక్కడైనా పనిచేస్తుంది.

ల్యాబ్‌లో ఉండే ఖచ్చితమైన బ్యాలెన్స్‌లో మాత్రం ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫోర్స్ కంపెన్సేషన్ ఉంటుంది. పేరు చూసి భయపడకండి. లౌడ్ స్పీకర్ లోపల అయస్కాంతం, దాంట్లో కాయిల్ ఉంటాయి కదా, ఇదీ అలాంటిదే. పళ్ళెం కింద ఒక కాయిల్ ఉంటుంది. మీరు బరువు పెట్టగానే పళ్ళెం అతి కొంచెం కిందకి దిగబోతుంది. ఒక ఆప్టికల్ సెన్సార్ అది కనిపెట్టి, కాయిల్‌లోకి కరెంటు పెంచమంటుంది. పళ్ళెం మళ్ళీ పాత చోటుకి వచ్చేదాకా కరెంటు పెరుగుతుంది. పళ్ళేన్ని అక్కడే నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో, దాన్నిబట్టి బరువు లెక్కేస్తారు. ఈసీఈ, ఈఈఈ వాళ్ళు కంట్రోల్ సిస్టమ్స్‌లో చదివిన ఫీడ్‌బ్యాక్ లూప్ అంటే ఇదే.

డెసిమల్స్‌ని బట్టి పేర్లు

ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేది ఈ భాగం. డిస్‌ప్లేలో కనిపించే అతి చిన్న మెట్టుని రీడబిలిటీ అంటారు. దాన్ని బట్టే పేర్లు.

0.01 గ్రాము లేదా 0.001 గ్రాము వరకు చూపిస్తే టాప్ లోడింగ్ లేదా ప్రెసిషన్ బ్యాలెన్స్. బఫర్లు, సాధారణ ద్రావణాలు తయారుచేయడానికి.
0.1 మిల్లీగ్రాము, అంటే గ్రాముల్లో 4 డెసిమల్స్ చూపిస్తే అనలిటికల్ బ్యాలెన్స్.
0.01 మిల్లీగ్రాము, 5 డెసిమల్స్ అయితే సెమీ మైక్రో.
0.001 మిల్లీగ్రాము, 6 డెసిమల్స్ అయితే మైక్రో.
0.0001 మిల్లీగ్రాము, 7 డెసిమల్స్ అయితే అల్ట్రా మైక్రో.

అనలిటికల్ నుంచి పైవాటికి చుట్టూ గాజు తలుపులు తప్పనిసరి. ఫ్యాన్ గాలికి, మీ ఊపిరికి కూడా అంకెలు ఊగుతాయి. గోల్డ్ షాపులో కాటాకి గాజు పెట్టె పెట్టేది కూడా ఇందుకే. వెనకటికి కంసాలులు గురివింద గింజలు వేసి బంగారం తూచేవాళ్ళు. ఒక గింజ గ్రాములో ఎనిమిదో వంతు ఉంటుందేమో. ఈ రోజు బంగారం రేటుకి అంత తేడా అంటే ఎవరూ ఒప్పుకోరు.

అసలు విషయం: చివరి అంకె

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఈ వీడియోకి గుండెకాయ ఇదే. 4 డెసిమల్స్ చూపిస్తోంది కాబట్టి 4 డెసిమల్స్ వరకు నిజం అనుకుంటే పొరపాటు. చూపించడం వేరు, తెలియడం వేరు. కోడింగ్ చేసేవాళ్ళకి తెలుసు, ఏ లెక్కకైనా 10 డెసిమల్స్ ప్రింట్ చేయించొచ్చు. అంతమాత్రాన ఆ పదీ నిజమవ్వవు.

మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. రీడబిలిటీ అంటే ఎంత చిన్న మెట్టు చూపిస్తుందో. రిపీటబిలిటీ అంటే అదే రాయిని మళ్ళీ మళ్ళీ పెడితే ఎంత దగ్గర దగ్గర అంకెలు ఇస్తుందో. ఆక్యురసీ అంటే ఆ అంకె అసలు బరువుకి ఎంత దగ్గరో. ఒక బ్యాలెన్స్ పదిసార్లూ ఒకే అంకె చూపిస్తూ, పదిసార్లూ తప్పు చెప్పొచ్చు. అబద్ధాన్ని తడుముకోకుండా చెప్పినట్టు.

మరి ఒక బ్యాలెన్స్ మీద ఎంత తక్కువ తూయొచ్చు? దీనికి యునైటెడ్ స్టేట్స్ ఫార్మకోపియా 41వ చాప్టర్‌లో ఒక రూల్ ఉంది. అమెరికాకి మందులు పంపే మన కంపెనీల్లో ఇది బాగా వాడే రూల్. ఒకే రాయిని కనీసం 10 సార్లు తూయాలి. ఆ అంకెల స్టాండర్డ్ డీవియేషన్ లెక్కేయాలి. దాన్ని 2తో గుణిస్తే వచ్చేది, మీరు తూయబోయే బరువులో 0.10 శాతం మించకూడదు. ఇంకో షరతు, స్టాండర్డ్ డీవియేషన్ ఎంత తక్కువొచ్చినా, రీడబిలిటీకి 0.41 రెట్ల కంటే కిందకి తీసుకోకూడదు.

ఇప్పుడు లెక్క చేద్దాం. అనలిటికల్ బ్యాలెన్స్, రీడబిలిటీ 0.1 మిల్లీగ్రాము. 0.41 రెట్లు అంటే 0.041. దాన్ని 2తో గుణిస్తే 0.082. ఇది 0.10 శాతం కావాలంటే బరువు కనీసం 82 మిల్లీగ్రాములు ఉండాలి.

82 మిల్లీగ్రాములు! అది కూడా బ్యాలెన్స్ అద్భుతంగా పనిచేస్తేనే. డిస్‌ప్లే 0.1 వరకు చూపిస్తున్నా, ఈ రూల్ ప్రకారం 82 కంటే తక్కువ దానిమీద తూయకూడదు. సెమీ మైక్రో అయితే 8.2, మైక్రో అయితే 0.82 మిల్లీగ్రాము.

మొదట చెప్పిన 10 మిల్లీగ్రాముల స్టాండర్డ్ గుర్తుందా? దాన్ని అనలిటికల్ బ్యాలెన్స్ మీద తూస్తే, స్టాండర్డ్ డీవియేషన్ 0.1 వచ్చిందనుకోండి, రెండింతలు 0.2. పదిలో 0.2 అంటే 2 శాతం. ఆ 2 శాతం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా. తూసినవాళ్ళు ఏ తప్పూ చేయకపోవచ్చు. తప్పు బ్యాలెన్స్‌ని ఎంచుకోవడంలో ఉంది.

ఇంకో మెలిక. బీకరు 50 గ్రాములు, దాంట్లో పొడి 10 మిల్లీగ్రాములు, మొత్తం 50 గ్రాముల పైనే కదా అంటే కుదరదు. లెక్కకొచ్చేది పొడి బరువే. గిన్నె బరువు ఈ రూల్‌లో కలవదు.

తూసేటప్పుడు ఏం చేయాలి, ఎందుకు

ఒకటి, చోటు. ఫ్యాన్ కింద, ఏసీ గాలి తగిలేచోట, ఎండపడే కిటికీ పక్కన పెట్టకూడదు. బరువైన రాతి టేబుల్ మీద పెడితే అదురు తగలదు.

రెండు, లెవెల్. బ్యాలెన్స్ మీద చిన్న నీటి బుడగ ఉంటుంది. అది వలయం మధ్యలో ఉండాలి. లేకపోతే కాళ్ళ స్క్రూలు తిప్పి సరిచేయాలి. వాలుగా ఉంటే బలంలో కొంత పక్కకి పోతుంది, తక్కువ చూపిస్తుంది.

మూడు, వార్మప్. ఆన్ చేయగానే తూయకూడదు. కనీసం అరగంట, సున్నితమైన వాటికి ఇంకా ఎక్కువ. మాన్యువల్‌లో ఎంతుందో చూడండి. అందుకే ల్యాబ్‌లలో బ్యాలెన్స్‌ని స్టాండ్‌బైలోనే ఉంచుతారు, ప్లగ్ పీకరు.

నాలుగు, రోజువారీ చెక్. సర్టిఫికెట్ ఉన్న తూకం రాళ్ళని పట్టకారుతో పెట్టి చూసి, లాగ్‌బుక్‌లో రాయాలి. చాలా బ్యాలెన్స్‌లలో లోపలే రాయి, మోటారు ఉంటాయి. బటన్ నొక్కితే అదే అడ్జస్ట్ చేసుకుంటుంది. అయినా బయటి రాయితో చెక్ మానకూడదు. తన ఆన్సర్ షీట్ తనే దిద్దుకున్నట్టు అవుతుంది.

ఐదు, టేర్. పాతకాలం తక్కెడలో సిబ్బెలు సమానంగా లేకపోతే తేలిక వైపు పాసంగం వేసేవాళ్ళు. టేర్ బటన్ కూడా ఇంచుమించు ఆ పనే చేస్తుంది. పాత్ర పెట్టి, సున్నా చేసి, అప్పుడు పొడి వేయాలి. రసాయనాన్ని నేరుగా పళ్ళెం మీద ఎప్పుడూ వేయకూడదు. వెయింగ్ బోట్, బటర్ పేపర్, సీసా, ఏదో ఒకటి వాడాలి. పళ్ళెం మధ్యలోనే పెట్టాలి.

ఆరు, వేడి. ఓవెన్‌లోంచి తీసిన క్రూసిబుల్‌ని నేరుగా పెట్టారనుకోండి, దాని చుట్టూ గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ గాలి వస్తువుని పైకి తోస్తుంది, బరువు తక్కువ కనిపిస్తుంది. చల్లారేకొద్దీ అంకె పెరుగుతూ ఉంటుంది. డెసికేటర్‌లో చల్లార్చి తూయాలి.

ఏడు, తేమ. సోడియం హైడ్రాక్సైడ్ లాంటివి గాలిలో తేమని పీల్చుకుంటాయి. మీరు చూస్తుండగానే అంకె పైకి పోతుంటే అది బ్యాలెన్స్ తప్పు కాదు. మూతున్న సీసాలో పెట్టి, డిఫరెన్స్ పద్ధతిలో తూయండి. ముందు సీసా మొత్తం తూసి, పొడి కొంత వేరే పాత్రలోకి వంపి, మళ్ళీ సీసా తూయాలి. రెండిటి తేడానే మీరు తీసిన బరువు.

ఎనిమిది, స్టాటిక్. ఏసీ రూమ్‌లో గాలి బాగా పొడిగా ఉంటే ప్లాస్టిక్ బోట్, గ్లవ్స్ చార్జ్ అవుతాయి. అంకె ఒకచోట నిలవదు. గాజు లేదా లోహపు పాత్ర వాడితే తగ్గుతుంది, అయొనైజర్ ఉంటే ఇంకా మంచిది.

తొమ్మిది, ఓపిక. తలుపులు మూసి, స్టేబుల్ గుర్తు వచ్చాకే అంకె తీసుకోవాలి. ప్రింటర్ ఉంటే ప్రింట్ తీయాలి. టిష్యూ మీద రాసుకుని తర్వాత బుక్కులో ఎక్కించడం అసలు వద్దు. ఆడిట్‌లో మొదట పట్టుకునేవి ఇలాంటివే.

గాలి కూడా మోస్తుంది

ఒక సరదా సంగతి. నీళ్ళలో మునిగిన వస్తువు తేలికవుతుంది కదా. మనం గాలిలో మునిగే ఉన్నాం. గాలి కూడా ప్రతి వస్తువుని కొంచెం పైకి మోస్తుంది. బ్యాలెన్స్‌ని స్టీల్ రాయితో సెట్ చేస్తారు. అదే బరువు నీళ్ళు ఎక్కువ చోటు తీసుకుంటాయి, అందుకే గాలి వాటిని ఎక్కువ మోస్తుంది. 100 గ్రాముల నీళ్ళకి దాదాపు 105 మిల్లీగ్రాముల తేడా. పిపెట్లు, ఫ్లాస్కులు నీళ్ళతో తూచి కాలిబ్రేట్ చేసేటప్పుడు ఈ సవరణ లెక్కలో వేస్తారు.

తూకం రాయిని ఎవరు తూస్తారు?

మన ల్యాబ్ రాయిని ఇంకా మంచి రాయితో, దాన్ని ఇంకా మంచిదానితో, అలా పైకి వెళ్తే న్యూఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ దాకా వెళ్తాం. అక్కడ మన దేశపు కిలో ఉంది. ప్లాటినం ఇరీడియం సిలిండర్, కాపీ నంబర్ 57. దానికి మూలం పారిస్ దగ్గర ఉండేది. 1889 నుంచి ప్రపంచానికి కిలో అంటే ఆ ఒక్క లోహపు ముక్కే. కాలక్రమంలో ఆ మూలానికీ కాపీలకీ మధ్య కొన్ని పదుల మైక్రోగ్రాముల తేడా కనిపించింది. ఏది మారిందో చెప్పడానికి వేరే దారి లేదు, ఎందుకంటే మూలమే ప్రమాణం. అందుకే 2019 మే 20 నుంచి కిలోని ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచిస్తున్నారు. ఆ నిర్వచనాన్ని నిజమైన కిలోగా మార్చే పద్ధతుల్లో ఒకటి కిబుల్ బ్యాలెన్స్. బరువుని కాయిల్‌లో కరెంటుతో నిలబెట్టే యంత్రం. అవును, మన ల్యాబ్ బ్యాలెన్స్‌కి పెద్దన్నలాంటిదే.

సరే ఫ్రెండ్స్, తూయడానికి ముందు రెండు ప్రశ్నలు అలవాటు చేసుకోండి. నేను తూసే పొడి ఎంత? ఈ బ్యాలెన్స్ కనీస బరువు ఎంత? మొదటిది రెండోదానికంటే చిన్నదైతే, ఆగిపోయి ఇంకా సున్నితమైన బ్యాలెన్స్ దగ్గరకి వెళ్ళండి. సీనియర్ తొందరపెట్టినా సరే. అవతల ఆ మందు వేసుకునేవాళ్ళకి మీ బ్యాలెన్స్ కనపడదు, స్ట్రిప్ మీద అంకె ఒక్కటే కనపడుతుంది. వాళ్ళు దాన్నే నమ్ముతారు.

మీ కాలేజీ ల్యాబ్‌లో ఏ బ్యాలెన్స్ ఉంది, దాని రీడబిలిటీ ఎంత, లెక్క ప్రకారం కనీస బరువు ఎంతొచ్చిందో కింద కామెంట్‌లో పెట్టండి. ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్న ఫ్రెండ్ ఉంటే ఇది పంపండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.